గుమ్మం దగ్గర దేవదారు కొమ్మలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒకరోజు నేను వంటింట్లో పడిపోతాను, నా కూతురు తొట్టెలో గుక్కపట్టి ఏడుస్తూ ఉంటుంది, మా ఇంటి బెల్లు ఎవరూ నొక్కరు. నా బెంగ పడిపోవడం గురించి కాదు. ఆ తర్వాత పాప ఒంటరిగా ఏడ్చే సమయం గురించి.

ఒకసారి అలా జరిగింది కూడా. మా పాప యెట్టె పుట్టిన కొత్తలో పాలగిన్నె పొయ్యి మీద పెట్టి గరిటె అందుకోబోయాను. అంతవరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి పాలు మాడి మసైపోయాయి. పాప గొంతు బొంగురుపోయి, ఇక ఏడవలేక ఎక్కిళ్ళు పెడుతోంది. ల్యూబెక్ పాతబస్తీలో మా సందు ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పక్కింటి క్రోగర్ గారు తుమ్మితే మా ఇంట్లో వినబడుతుంది. అయినా ఎవరూ రాలేదు. పాప ఏడుస్తోందంటే పక్కన తల్లి ఉంటుందిలే అనుకుని ఉంటారు.

ఈ సంగతి నా స్నేహితురాలు గేసాకి ఒక్కదానికే చెప్పాను. ఆనాటి నుంచి అది హాంబర్గ్ నుంచి రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. "ఉన్నావా?" అంటుంది. "ఉన్నాను" అంటాను. ఒక్కోరోజు ఆ రెండు మాటలే. ఆ తర్వాతే నాకు నిద్ర పడుతుంది.

పోయినవారం నేను ఎదురింటి హిన్రిక్స్ గారి మీద నోరు పారేసుకుని, తలుపేసుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడ భర్త పోయి ఒంటరిగా ఉండే పెద్దావిడ. పొద్దస్తమానం కిటికీ వెనక కుర్చీలో కూర్చుని మా ఇంటివైపే చూస్తుంది. నేను కిటికీ రెక్కలు తెరవడం కాస్త ఆలస్యమైతే చాలు, వచ్చి గొడుగు పిడితో మా కిటికీ మీద టకటకా కొడుతుంది. "ఏం అమ్మాయ్, పొద్దెక్కింది! పాప లేచిందా? నువ్వు లేచావా?" చదువు మధ్యలో మానేసి, మొగుడు లేకుండా బిడ్డని కన్న పిల్ల ఎలా పెంచుతోందో ఎవరికో చెప్పడానికే ఈ కాపలా అనుకున్నాను. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు పేరు వింటేనే పాపని తీసుకుపోతారని నాకు భయం.

ఆవేళ ఆవిడ బిస్కట్ల డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మాయ్, నీతో ఒక మాట..."

"మీ మాటలు నాకొద్దు. నా కిటికీ తెరిస్తే తెరుస్తాను, లేకపోతే లేదు. మీకు వేరే పనేం లేదా? మీ కిటికీ మీరు చూసుకోండి!"

ఆవిడ డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నా కిటికీని నేనెలా చూసుకుంటానే పిల్లా, లోపలుండేదాన్ని" అంది. డబ్బా మా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. నన్ను ఎగతాళి చేసిందనుకున్నాను. డబ్బా మూత కూడా తీయకుండా అటక మీదికి తోసేశాను. ఆ తర్వాత ఆవిడ మా కిటికీ మీద కొట్టలేదు.

ఆ సాయంత్రమే గేసా ఫోను. "ఆదివారం వస్తున్నానే. ఒక మాట చెప్పాలి. ఫోనులో చెప్పేది కాదు."

ఆ ఆదివారం ఇదే.

*

నవంబరు చివర్లో మాకు పోయినవాళ్ళ ఆదివారం వస్తుంది. ఆరోజు ఊరంతా శ్మశానాలకి వెళ్ళి, తమవాళ్ళ సమాధుల మీద దేవదారు కొమ్మలు పరిచి వస్తుంది. చలికాలమంతా మట్టికి అదే దుప్పటి. ఆరోజు పాట పెద్దగా పెట్టకూడదు, గట్టిగా నవ్వకూడదు. వానకి మాత్రం ఏ నియమమూ లేదు. తెల్లవారుజాము నుంచి కురుస్తూనే ఉంది.

పిల్లబండి బయటికి తీస్తుంటే చక్రానికి ఏదో అడ్డుపడింది. ఎదురు గుమ్మం పక్కన, కాగితం చుట్టి తాడుతో కట్టిన దేవదారు కొమ్మల మోపు. మా సందు ఎంత ఇరుకంటే ఎదురింటి గుమ్మం ముందు ఏముంటే అది మా గుమ్మం ముందున్నట్టే. మోపుని కాలితో అవతలికి జరిపాను. తలెత్తితే హిన్రిక్స్ గారి కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. పొద్దున్నే శ్మశానానికి వెళ్ళిపోయిందన్నమాట. హమ్మయ్య, ఈ ఒక్కరోజు నా మీద కళ్ళు లేవు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఒంట్లో బరువు దిగినట్టయింది.

గేసా సందు మొదట్లో నిలబడి ఉంది. పసుపు వానకోటు, ముక్కు చివర నీటిబొట్టు.

"మొయిన్!" అని మా ఊరి పలకరింపు పడేసింది. "ఏమే ఇమ్కె, బతికే ఉన్నావా?"

"ఇవాళ్టి రోజున అడగాల్సిన మాటేనా అది?"

"ఇవాళే అడగాలి. బతికున్నవాళ్ళని లెక్కపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచిరోజు లేదు." వంగి బండిలోకి చూసింది. "ఇదేంటే, పోయిన నెల చూసిన పిల్లేనా? బుగ్గలు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంది. పద, ఆట ఆడదాం."

చిన్నప్పుడు వాన పడితే మా ఇద్దరికీ ఒకటే ఆట. పెద్దవీధి ఎక్కకుండా, సందుల్లోంచీ ఇళ్ళ కింద సొరంగాల్లాంటి దారుల్లోంచీ దూరి ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాలి. ఎక్కువ తడిసినవాళ్ళు ఓడినట్టు.

"పిల్లబండితోనా? పట్టదే."

"శవపెట్టె పట్టాలని కదా పాతకాలంలో ఈ సందులకి వెడల్పు కొలిచారు. శవపెట్టె పట్టిన చోట నీ బండి పట్టదా?"

"నోర్ముయ్యవే."

పట్టింది. గోడకి మోచెయ్యి గీసుకుంది కానీ పట్టింది. తల వంచి చీకట్లోకి దూరడం, అవతల ఎవరిదో పెరట్లో తేలడం, మళ్ళీ ఇంకో చీకటి దారి. ఒకచోట నల్లకోట్లు వేసుకున్న ముసలి దంపతులు ఎదురయ్యారు. ఆయన చేతిలో సమాధి మీద పెట్టే పెద్ద దేవదారు కొమ్మల వలయం ఉంది. రెండు వైపులవాళ్ళకీ ఒకేసారి దారి లేదు. నేను బండి వెనక్కి లాగబోతే ఆయన గోడకి అతుక్కుపోయి, "మీరు రండమ్మా. పోయినవాళ్ళకేం తొందర, పాపని ముందు పోనివ్వండి" అన్నాడు. ఆవిడ యెట్టె కాలి మేజోడు సర్దింది. ఎవరో నా బిడ్డని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అనిపించింది.

మేం చిన్నప్పుడు బేరిపళ్ళు దొంగిలించిన పెరడు అలాగే ఉంది. చెట్టు లేదు. చుట్టూ ఉన్న ఇళ్ళ తలుపులకి అంకెలు నొక్కే చిన్న పెట్టెలు వేలాడుతున్నాయి. సెలవులకి వచ్చేవాళ్ళు అందులోంచి తాళంచెవి తీసుకుంటారు. నవంబరులో ఎవరొస్తారు? కిటికీలన్నీ మూతే. చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి, వినేవాళ్ళు లేరు.

"బేరిపళ్ళ ముసలామె మనల్ని చీపురుతో తరిమిందే, గుర్తుందా?" అన్నాను.

"ఆవిడకి కళ్ళు సరిగ్గా కనబడేవి కావు. మనం వచ్చిన సంగతి ఎలా తెలిసేదో."

"అప్పుడు ప్రతి కిటికీ వెనకా ఎవరో ఒకరు ఉండేవారు."

గేసా బండి నా చేతిలోంచి లాక్కుని ముందుకి నడిచింది.

రొట్టెల దుకాణంలో నిలబడి కాఫీ తాగాం. దాల్చినచెక్క రొట్టె ఒకటి తను కొనుక్కుని, సగానికి పైగా తుంచి నా పళ్ళెంలో పెట్టింది. దాని రొట్టె మీద చెయ్యి వేస్తే చిన్నప్పుడు కొరికేది. ఇంత ఉదారమా, కబురు మంచిది కాదన్నమాట అనుకున్నాను.

"చెప్పవే, ఏంటి మాట?"

"తిను ముందు."

"గేసా."

"తినవే బాబూ. కూర్చునే చోటుకి వెళ్ళాక చెప్తాను."

*

కూర్చునే చోటంటే మరియమ్మ చర్చి. పొద్దుటి ప్రార్థన అయిపోయింది. ఏడాదిలో పోయినవాళ్ళ పేర్లు చదివి, పేరుకొకటి వెలిగించిన కొవ్వొత్తులు ఇంకా మండుతున్నాయి. యుద్ధంలో గోపురం తగలబడినప్పుడు కిందపడ్డ గంటలు ఇప్పటికీ పడ్డచోటే పగిలి ఉన్నాయి. వాటికి ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నాం. యెట్టె నిద్రపోయింది. కోట్ల నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"బాసెల్ వెళ్తున్నాను" అంది గేసా.

"సెలవులకా?"

"ఉద్యోగానికి. అక్కడి ఆసుపత్రిలో. క్రిస్మస్ అవగానే."

నేను సంతోషించాలి కదా. అది నర్సు చదువు పూర్తి చేసింది, దానికి మంచి చోట పని దొరికింది. నా నోట్లోంచి మాత్రం, "మరి సాయంత్రం ఫోను?" అని వచ్చింది.

"చేస్తాను. చెయ్యనని ఎవరన్నారు? కానీ ఆలోచించు. నువ్వు ఎత్తలేదనుకో, హాంబర్గ్ నుంచైతే రైలెక్కి పరిగెత్తుకొస్తాను. స్విట్జర్లాండులో కూర్చుని ఏం చేస్తాను? నువ్వు ఫోను ఎత్తని మొన్న సాయంత్రం ఎంత భయపడ్డానో తెలుసా?"

"పాపకి స్నానం చేయిస్తున్నానే అప్పుడు."

"నాకేం తెలుసు?" చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకొకటి చెప్పాలి. నువ్వు అరవకూడదు."

"నేనెందుకు అరుస్తాను?"

"వేసవిలో హిన్రిక్స్ గారితో మాట్లాడాను. నువ్వు పడిపోయిన సంగతి చెప్పాను."

అరిచాను. అవతల కొవ్వొత్తుల దగ్గరున్న మనిషి తిరిగి చూశాడు.

"ఎవరికీ చెప్పనని ఒట్టేశావు! ఆవిడ ఒక్కమాట బయటపెడితే నా బిడ్డని తీసుకుపోతారే. ఒంటరిగా ఉంటుంది, కళ్ళు తిరిగి పడిపోతుంది, ఇలాంటిదానికి బిడ్డెందుకు అంటారు. నా మీద గూఢచారిని పెట్టి, రోజూ ఫోనులో ఉన్నావా ఉన్నావా అని నాటకమా?"

"అరిచావా? సరే, అయిందా? ఇప్పుడు విను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వేసవి నుంచి రోజూ నీకంటే ముందు లేచి, నువ్వు కిటికీ రెక్కలు తెరిచేదాకా ఆ కుర్చీలోంచి లేవట్లేదు. కాఫీ కూడా పెట్టుకోదట. నువ్వు తెరిస్తే ఆవిడ రోజు మొదలవుతుంది. తెరవకపోతే వచ్చి కొట్టాలి. అదీ మా ఒప్పందం. నీకు చెప్పొద్దని నేనే అన్నాను, నువ్విలా గంతులేస్తావని తెలుసు కాబట్టి."

గొడుగు పిడి చప్పుడు చెవుల్లో మోగింది. పాప లేచిందా? నువ్వు లేచావా? నేను విన్నదేమిటి, ఆవిడ అడిగినదేమిటి.

"ఊరికే ఒప్పుకోలేదులే" అంది గేసా, నా భుజం మీద చెయ్యి వేస్తూ. "ఒక షరతు పెట్టింది. ఆ పిల్ల కిటికీ నేను చూస్తాను, నా కిటికీ ఆ పిల్ల చూడాలి, నాకు మాత్రం ఎవరున్నారు అంది. పోయినవారం మొదట్లో ఫోను చేస్తే, రెండు రోజుల్లో తనే అడుగుతానంది. తాళంచెవి కూడా ఇస్తానంది. అడిగిందా?"

నా కిటికీని నేనెలా చూసుకుంటానే పిల్లా, లోపలుండేదాన్ని.

"అడగడానికి వచ్చింది" అన్నాను. "నేను అడగనివ్వలేదు."

"పోనీలే, ఇంటికెళ్ళగానే ఒక మాట చెప్పేసెయ్. పొద్దున కిటికీలో కనబడిందా?"

"లేదు. రెక్కలు మూసే ఉన్నాయి. శ్మశానానికి..."

అక్కడ నా మాట ఆగిపోయింది. కాలికి ఇంకా ఆ మోపు బరువు తెలుస్తోంది. తడిసిన కాగితం, తాడు, దేవదారు వాసన. సమాధి మీద పరిచే కొమ్మల్ని గుమ్మం దగ్గరే వదిలేసి శ్మశానానికి ఎవరు వెళ్తారు?

"గేసా, కొమ్మలు..." అన్నాను. అది అర్థం చేసుకునేలోపే నేను బండి తిప్పేశాను.

*

ఈసారి సందులు లేవు, ఆటా లేదు. పెద్దవీధిలోనే, వానలోనే, తడిరాళ్ళ మీద బండి ఎగిరెగిరి పడుతుంటే పరిగెత్తాం. యెట్టె లేచి ఏడుపు అందుకుంది. మా సందులోకి దూరేటప్పుడు తల వంచడం మరిచిపోయి నుదురు కొట్టుకున్నాను.

మోపు నేను తోసిన చోటే ఉంది. రెక్కలు మూసే ఉన్నాయి.

బెల్లు నొక్కాను. లోపల మోగడం వినబడింది. మళ్ళీ నొక్కాను. వేలు తీయకుండా నొక్కాను.

మా పక్కింటి పై కిటికీ తెరుచుకుని క్రోగర్ గారి తల బయటికి వచ్చింది. "ఏమిటమ్మా ఇది! మధ్యాహ్నం పడుకునే వేళ, అందులోనూ పోయినవాళ్ళ ఆదివారం! ఇలాగేనా బెల్లు కొట్టేది?"

"హిన్రిక్స్ గారిని ఇవాళ చూశారా?"

"శ్మశానానికి వెళ్ళి ఉంటుంది. రెక్కలు మూసున్నాయిగా."

"వెళ్ళడం చూశారా?"

"నేనెందుకు చూస్తాను? ప్రతి ఏడూ వెళ్తుంది. మా ఆవిడ కూడా అదే అంది, ఈసారి పెందలాడే బయల్దేరినట్టుందని."

"కొమ్మలు ఇక్కడే ఉన్నాయండీ."

ఆయన కిందికి చూశాడు. కిటికీ మూయకుండానే లోపలికి వెళ్ళాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది.

అప్పుడర్థమైంది. సందులో ఉన్నవాళ్ళందరం పొద్దున్నే ఆ మూసిన రెక్కల్ని చూశాం. వేరే ఏ రోజైనా ఎవరో ఒకరు వెళ్ళి తట్టేవాళ్ళం. ఇవాళ ఒక్కరోజు అందరికీ కారణం సిద్ధంగా ఉంది. మర్యాద తెలిసిన మనుషులం. పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళిన మనిషి గురించి ఆరా తీస్తామా?

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని గేసా అడుగుతోంది. క్రోగర్ గారు ఇంటి చెప్పుల్తోనే వానలో నిలబడి, "ఎవరికీ ఇవ్వదమ్మా ఆవిడ, మహా మొండిది" అంటున్నాడు. పాపని గేసా చేతుల్లో పెట్టి మా ఇంట్లోకి పరిగెత్తాను. కుర్చీ ఎక్కి అటక మీది డబ్బా లాగాను. మూత బిగుసుకుపోయింది. గోరు విరిగింది. లోపల నక్షత్రాల్లా కోసి కాల్చిన బిస్కట్లు. వాటి మధ్యలో, ఎర్ర ఉన్నిదారం కట్టిన తాళంచెవి.

ఆ దారం యెట్టె టోపీ అల్లిన దారమే. పోయిన నెల ఎవరో మా తలుపు పిడికి తగిలించి వెళ్ళిన టోపీ. ఎవరిచ్చారో ఇన్నాళ్ళూ తెలియలేదు.

తాళం తిరిగింది. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. లోపల గొలుసు వేసి ఉంది.

తలుపు సందులోంచి చూశాను. నడవలో దీపం వెలుగుతోంది. వంటింట్లో రేడియో ఎవరికో వాతావరణం చెబుతోంది: రేపు కూడా వానే. కొక్కేనికి నల్లకోటు, దాని కింద పాలిష్ చేసి జతగా పెట్టిన బూట్లు. వెళ్ళడానికి అన్నీ సిద్ధం చేసుకుంది. కుర్చీ మాత్రం కిటికీ దగ్గర లేదు. వంటింటి గడపలో పక్కకి ఒరిగిపోయి ఉంది.

"హిన్రిక్స్ గారూ! నేను, ఎదురింటి ఇమ్కెని! వినబడుతోందా?"

రేడియో, వాన, గేసా చేతుల్లో యెట్టె ఏడుపు. గేసా ఒక చేత్తో ఫోనులో అంబులెన్సువాళ్ళకి మా సందు గుర్తులు చెబుతోంది. క్రోగర్ గారు గొలుసు కోసే కత్తెర కోసం పరిగెత్తాడు. నేను చెంప తలుపుకి ఆనించి ఊపిరి బిగబట్టాను.

టక్.

గొడుగు పిడి చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడు. మా కిటికీ మీద వేసవి నుంచి విన్నది.

టక్. ఇంకాసేపటికి, ఇంకా మెల్లగా, మళ్ళీ ఒకటి.

"ఉన్నాను!" అని అరిచాను. "నేనిక్కడే ఉన్నాను! పాప లేచింది, నేనూ లేచాను! మీరు కొడుతూనే ఉండండి, ఆపకండి!"

చప్పుడు ఆగిపోయింది.

క్రోగర్ గారింకా రాలేదు. ఈ గొలుసు నా చేతులకి తెగదు. అందుకే మీతో ఒక మాట. ఇక్కడ చదవడం ఆపి, ఒకసారి లేచి మీ కిటికీ దగ్గరికి వెళ్ళండి. ఎదురింట్లోనో పక్కింట్లోనో ఒంటరిగా ఉండే మనిషి ఉండే ఉంటారు. మీరు విసుక్కునే మనిషే కావచ్చు. ఇవాళ వాళ్ళ కిటికీ తెరుచుకుందా? తెరుచుకోకపోతే, ఎక్కడికో వెళ్ళి ఉంటారులే అనుకోకండి. వేళ కాదు, బాగుండదు అనుకోకండి. వెళ్ళి బెల్లు నొక్కండి. లోపలి నుంచి గొంతు వినబడేదాకా వేలు తీయకండి.